మా కారం మిల్లుకు కొన్న నాలుగు రకాల మాస్కులు

మాది గుంటూరు శివార్లలో చిన్న కారం మిల్లు. యార్డు నుంచి టిక్కీల్లో, అంటే మిర్చి బస్తాల్లో, వచ్చిన కాయకు ముచ్చికలు తీయడం, తాలు ఏరడం, మరలో వేయడం, జల్లించడం, ప్యాకెట్లు కట్టడం అన్నీ ఒకే షెడ్డులో జరుగుతాయి. పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. వేరే రకాలు మరలో పడ్డప్పుడు ఎలాగో ఓర్చుకోవచ్చు గానీ, తేజ కాయ పడిందంటే గుమ్మంలో అడుగుపెట్టినవాళ్ళకే పొలమారుతుంది. ఇక జల్లెడ దగ్గర పొద్దస్తమానం నిలబడే మనిషి సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే మాకు మాస్కు అంటే కరోనాతో వచ్చి కరోనాతో పోయిన వస్తువు కాదు. గోనెసంచులు, దారం, డీజిల్ కొన్నట్టే ఏడాది పొడుగునా కొనాలి.

ఈ సీజన్లో నాలుగు రకాలు తెప్పించి, అవే పనులకు, అవే మనుషులకు మార్చి మార్చి ఇచ్చి చూశాను. పిండిమర, పత్తి జిన్నింగు, టైల్స్ కోత, చెక్కపని ఇలా ఎక్కడ దుమ్ములో పనిచేసేవాళ్ళు ఉన్నా ఇందులో వాళ్ళకు పనికొచ్చేది ఉంటుందని రాస్తున్నాను. అమ్మేవాళ్ళలో చాలామందికి కూడా తాము అమ్ముతున్నది ఏ కొలతకు సరిపోతుందో తెలియడం లేదు. కొనేవాళ్ళమైనా తెలుసుకోవాలి కదా.

మొదటిది అందరికీ తెలిసిన నీలం రంగు మూడు పొరల మాస్కు. యాభై ఉండే పెట్టె. ఒక్కోటి రెండు, మూడు రూపాయలు పడింది. చుట్టుపక్కల మిల్లుల్లో దాదాపు అందరూ వాడేది ఇదే. పెట్టె మీద బీఎఫ్ఈ 95 శాతం పైన అని పెద్ద అక్షరాలతో వేశారు. షాపులో అబ్బాయి దాన్నే చూపించి, "అక్కా, ఇదీ తొంభై ఐదే, ఎన్95 అన్నా తొంభై ఐదే. ఊరికే అన్నేసి డబ్బులు ఎందుకు పోస్తారు?" అన్నాడు. మోసం చేయాలని అన్న మాట కాదది, అతను నిజంగానే అలా అనుకుంటున్నాడు. మాస్కుల విషయంలో జనం తికమకపడేది సరిగ్గా ఇక్కడే.

ఆ రెండు తొంభై ఐదులూ ఒకటి కావు. బీఎఫ్ఈ అంటే బ్యాక్టీరియాను ఎంత ఆపుతుందనే లెక్క. స్టఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఉన్న సన్నటి తుంపరలను మాస్కు గుడ్డ మీదికి పంపి, ఎన్ని అవతలికి దాటాయో చూస్తారు. ఆ తుంపర సగటు సైజు 3 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఎన్95 పరీక్షలో వాడేది ఉప్పు కణాలు, సుమారు 0.3 మైక్రాన్ల సైజువి. అంటే పది రెట్లు చిన్నవి. పైగా నిమిషానికి 85 లీటర్ల గాలిని దాని గుండా లాగుతారు, కష్టమైన పని చేస్తున్న మనిషి ఊపిరి పీల్చినంత జోరుగా. పెద్ద తుంపరను నూటికి 95 ఆపే గుడ్డ, అంత చిన్న ఉప్పు కణాన్ని కూడా 95 ఆపుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

ఇంకో సంగతి. ఈ నీలం మాస్కు పుట్టిందే ఆపరేషన్ థియేటర్ కోసం. డాక్టరు నోటి తుంపరలు రోగి గాయం మీద పడకుండా ఆపడం దాని అసలు పని. మన దేశంలో దీనికి ఉన్న ప్రమాణం ఐఎస్ 16289, 2014లో వచ్చింది. అందులో మూడు తరగతులు. ఒకటో తరగతికి బ్యాక్టీరియా వడపోత 95 శాతం, రెండు, మూడు తరగతులకు 98 శాతం. మూడో తరగతి మాస్కు రక్తం చిమ్మినా లోపలికి దిగకుండా ఉండాలి. యూరప్‌లో ఇలాంటిదే ఈఎన్ 14683. ఇవన్నీ మంచి ప్రమాణాలే, ఆసుపత్రికి అవసరమైనవే. కానీ వీటిలో పరీక్షించేది మాస్కు గుడ్డను. చెంపల పక్కన ఖాళీలోంచి ఎంత గాలి దూరుతుందనేది ఆ లెక్కలోకే రాదు.

మా మిల్లులో ఆ ఖాళీ ఎంతుందో కళ్ళతో చూడొచ్చు. మధ్యాహ్నం అన్నాలకు లేచినప్పుడు జల్లెడ దగ్గర పనిచేసే ఆమెను మాస్కు తీయమని, లోపలి వైపు తిప్పి చూశాను. ముక్కుకు, నోటికి ఎదురుగా ఉండే మధ్య భాగం తెల్లగా, శుభ్రంగా ఉంది. రెండు అంచుల వెంబడి మాత్రం ఎర్రటి చారలు. ఆమె మొహం మీద కూడా కళ్ళ కింది నుంచి చెవుల దాకా అవే చారలు. "గుడ్డ బాగానే ఉందమ్మా, పక్కల్నించే దూరతంది" అంది ఆమె. ప్రమాణాల పుస్తకం చదవకుండానే అసలు మాట చెప్పేసింది. గుడ్డ తన పని తాను చేసింది. గాలి గుడ్డలోంచి రాకుండా దారి చూసుకుని పక్కనుంచి వచ్చింది.

విదేశాల్లో మాస్కు మొహానికి సరిపడిందో లేదో చూడటానికి తలకు ఒక సంచి తొడిగి, లోపల చేదు మందు తుంపరలు కొట్టి, నోటికి చేదు తగిలిందా అని అడుగుతారు. మాకు ఆ మందు అక్కర్లేదు. కారమే మా పరీక్ష. ఎక్కడ లీకు ఉంటే అక్కడ ఎర్ర గీత పడుతుంది. మిగతా మూడు రకాలను కూడా ఇలాగే చూశాను.

మూడు పొరల మాస్కులోనైనా మంచీ చెడూ ఉన్నాయి. ముచ్చికలు తీసేచోట దుమ్ము తక్కువ కాబట్టి అక్కడ ఇదే ఇస్తాం. అందుకే కొనేముందు ఏం చూడాలో చెబుతాను. ఒక మాస్కును కత్తెరతో అంచులు కోసి పొరలు విడదీయండి. బయటిదీ లోపలిదీ వెలుతురుకు పెట్టి చూస్తే చిన్న చిన్న చుక్కల అచ్చు కనిపిస్తుంది, అది స్పన్‌బాండ్ గుడ్డ. మధ్య పొర అలా ఉండకూడదు. చుక్కలు లేకుండా తెల్లగా, నున్నగా, మెత్తటి కాగితంలా ఉండాలి. దాన్ని మెల్ట్‌బ్లోన్ అంటారు. పాలీప్రొపిలీన్‌ను కరిగించి, వేడిగాలితో ఊది తీసిన అతి సన్నటి పోగులు అవి. ఆ పోగులకు విద్యుదావేశం ఎక్కించి ఉంటుంది, అందుకే చిన్న కాగితం ముక్కలు దగ్గర పెడితే లాక్కుంటుంది. వడపోత అంతా ఆ పొర చేసేదే. మూడు పొరల్లోనూ చుక్కలే కనిపిస్తే అందులో మెల్ట్‌బ్లోన్ లేనట్టే. సంతలో కొన్న ఒక చవక పెట్టెలో సరిగ్గా అదే తేలింది. పొరలు మూడూ ఉన్నాయి, వడపోసేది ఒక్కటీ లేదు. 2020 మార్చిలో మాస్కులకు కరువొచ్చి, మూడు పొరల మాస్కు పది రూపాయలకు మించి అమ్మకూడదని కేంద్రం పరిమితి పెట్టాల్సి రావడానికి ఈ మెల్ట్‌బ్లోన్ దొరక్కపోవడం ఒక పెద్ద కారణం.

కొందరు కొవ్వొత్తి వెలిగించి, మాస్కు పెట్టుకుని ఊదితే ఆరకూడదని చెబుతారు. మరీ నాసిరకాన్ని పక్కన పెట్టడానికి అది పనికొస్తుందేమో గానీ, ఆరలేదు కాబట్టి మంచి మాస్కు అనుకోవడానికి మాత్రం లేదు.

రెండో రకం గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. ఊళ్ళో ఎక్కడ చూసినా ఇదే ఉంది. మధ్యలో మడత, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, చెవులకు రబ్బర్లు. ఒక్కోటి పద్దెనిమిది రూపాయలు. కవరు మీద ఎన్95 అని ఉంది. దాని కింద సీఈ, ఐఎస్ఓ, ఎఫ్‌డీఏ అప్రూవ్డ్, ఐదు పొరలు, 99 శాతం రక్షణ అని వరసగా ఉన్నాయి. మాస్కును బయటికి తీసి తిప్పి చూస్తే దాని మీద తయారుచేసినవాడి పేరు లేదు, మోడల్ నంబరు లేదు, ప్రమాణం నంబరు లేదు. నాకు అనుమానం వచ్చింది అక్కడే.

ఎన్95 అనేది రకం పేరు కాదు, అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ ఇచ్చే ఆమోదం. ఎన్ అంటే నూనె తుంపరలకు పనికిరాదని, 95 అంటే ఆ ఉప్పు కణాల పరీక్షలో కనీసం 95 శాతం ఆపిందని. ఆమోదం వచ్చిన ప్రతి మాస్కు మీద నియోష్ అనే పేరు, కంపెనీ పేరు, మోడల్, టీసీ-84ఏ అని మొదలయ్యే ఆమోదం నంబరు అచ్చువేసి తీరాలి. నియోష్ వెబ్‌సైట్లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీదో తెలిసిపోతుంది. ఇంకా సులువైన గుర్తు ఒకటుంది. నియోష్ ఆమోదించిన మాస్కుకు తల చుట్టూ తిరిగే బ్యాండ్లే ఉంటాయి, చెవులకు తగిలించే రబ్బర్లు ఉండవు. చెవి రబ్బర్లు ఉండి నియోష్ ఎన్95 అని రాసి ఉంటే అది నకిలీయే. నియోష్ స్పెల్లింగు తప్పుగా ఉన్నవి కూడా మార్కెట్లో ఉన్నాయి.

చెవి రబ్బర్లున్న ప్రతిదీ దొంగసరుకని నేను అనడం లేదు. చైనా కేఎన్95, కొరియా కేఎఫ్94 మాస్కులు ఎక్కువగా చెవి రబ్బర్లతోనే వస్తాయి. వాటికి వాళ్ళ ప్రమాణాలున్నాయి, కేఎన్95కు జీబీ 2626 అని మాస్కు మీదే రాసి ఉంటుంది. నేను కొన్నదాని మీద అదీ లేదు.

ఇక ఆ ముద్రల సంగతి. ఐఎస్ఓ 9001 అనేది కంపెనీ పనిపద్ధతికి ఇచ్చేది, మాస్కుకు ఇచ్చేది కాదు. మందులు, వైద్య పరికరాల సంగతి చూసే అమెరికా ఎఫ్‌డీఏలో పేరు నమోదు చేసుకోవడం వేరు, ఆమోదం వేరు. నమోదు చేసుకున్నంత మాత్రాన ఆ సంస్థ సర్టిఫికెట్ ఏమీ ఇవ్వదు. యూరప్ సీఈ ముద్ర దుమ్ము నుంచి కాపాడే మాస్కు మీద ఉంటే, పక్కనే నాలుగు అంకెల సంఖ్య ఉండాలి. పరీక్షించి పర్యవేక్షించే సంస్థ నంబరు అది. ఉత్త సీఈ అక్షరాలకు ఇక్కడ విలువ లేదు. ఐదు పొరలన్న మాటకైతే అసలు విలువే లేదు, మెల్ట్‌బ్లోన్ మంచిదైతే ఒక్క పొరైనా చాలు.

వాడకంలో ఎలా ఉందంటే, మొదటి గంట బాగానే ఉంది. తర్వాత చెవుల వెనక నొప్పి మొదలైంది. ముక్కు మీద తీగ మరీ పల్చనిది, నొక్కితే వంగుతుంది గానీ మాట్లాడగానే మళ్ళీ లేస్తుంది. సాయంత్రానికి ముక్కుకు అటూ ఇటూ కళ్ళ వైపు రెండు ఎర్ర గీతలు. మూడు పొరల మాస్కు కంటే లీకు తక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఎన్95 పేరు పెట్టి, ఆరు రెట్లు డబ్బు తీసుకుని ఇవ్వాల్సింది ఇది కాదు. రెండు మాస్కులకు రబ్బరు అతికించినచోట ఊడిపోయింది కూడా.

మూడోది మా మిల్లులో ఇప్పుడు వాడుతున్నది. ఐఎస్ఐ ముద్ర ఉన్న ఎఫ్ఎఫ్‌పీ2 మాస్కు, అంటే దుమ్ము కణాలను ఆపే మాస్కుల్లో రెండో తరగతిది. మన దేశంలో తయారైందే. నాకు నలభై రూపాయల చిల్లర పడింది. మాస్కు మీద కంపెనీ పేరు, మోడల్, ఎఫ్ఎఫ్‌పీ2 ఎన్ఆర్ అనే అక్షరాలు, ఐఎస్ఐ ముద్ర, ముద్ర పైన ఐఎస్ 9473, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉన్నాయి. ఐఎస్ఐ ముద్ర ఇచ్చే సంస్థ బీఐఎస్. దాని బీఐఎస్ కేర్ అనే యాప్ ఫోన్లో వేసుకుని, అందులో లైసెన్సు నంబరు సరిచూసే చోట ఈ నంబరు కొడితే, లైసెన్సు ఎవరి పేరు మీద ఉంది, ఏ వస్తువుకు, ఇంకా అమల్లో ఉందా లేదా అన్నీ వస్తాయి. షాపు కౌంటరు దగ్గరే నిలబడి చూశాను. కవరు మీదున్న కంపెనీ పేరు, యాప్‌లో వచ్చిన పేరు కలిశాయి. వస్తువు పేరు కూడా కలవాలి, అది మరిచిపోవద్దు. వేరే వస్తువుకు తీసుకున్న నంబరును మాస్కు మీద వేసినా మనకు పట్టుబడేది ఇక్కడే.

ఈ షాపు పట్నం బజారు వైపు చేతి గ్లౌజులు, హెల్మెట్లు, గమ్‌బూట్లు అమ్మే సేఫ్టీ సామాన్ల షాపు. మెడికల్ షాపుల్లో ఎఫ్ఎఫ్‌పీ2 అంటే ముందు మొహంకేసి చూశారు. ఇక్కడ పెద్దాయన మాత్రం, "ఏం పనికమ్మా?" అని అడిగాడు. కారం జల్లెడ దగ్గరికి అన్నాను. "వాల్వు ఉన్నది వద్దు, లేనిది తీసుకో" అని తనే తీసిచ్చాడు. నంబరు సరిచూస్తుంటే విసుక్కోలేదు. బిల్లు మీద మోడల్ పేరు రాసి ఇచ్చాడు. నేను ఈ షాపుకు ఐదుకు ఐదు ఇచ్చేది ఆ ఒక్క ప్రశ్న అడిగినందుకే.

ఎఫ్ఎఫ్‌పీ2 అంటే ఏమిటో చెప్పాలి. ఐఎస్ 9473లోనూ, యూరప్ ఈఎన్ 149లోనూ మూడు తరగతులు ఉంటాయి. యూరప్ లెక్కలో ఎఫ్ఎఫ్‌పీ1 కనీసం 80 శాతం, ఎఫ్ఎఫ్‌పీ2 94 శాతం, ఎఫ్ఎఫ్‌పీ3 99 శాతం కణాలను ఆపాలి. ఎన్95తో పోలిస్తే ఎఫ్ఎఫ్‌పీ2 ఒక్క శాతం తక్కువని కంగారు పడక్కర్లేదు, రెండూ ఒక స్థాయివే. యూరప్ పరీక్షలో గాలి నిమిషానికి 95 లీటర్లు, అమెరికాలో 85. పైగా యూరప్‌లో ఉప్పుతో పాటు పారఫిన్ నూనె తుంపరలతో కూడా పరీక్షిస్తారు.

నాకు ఈ ప్రమాణంలో బాగా నచ్చింది వడపోత అంకె కాదు, మనుషుల మీద చేసే పరీక్ష. పదిమందికి మాస్కు తొడిగి, ఉప్పు కణాలు నింపిన గదిలో ట్రెడ్‌మిల్లు మీద గంటకు 6 కిలోమీటర్ల వేగంతో నడిపిస్తారు. తల అటూ ఇటూ తిప్పమంటారు, పైకీ కిందికీ ఆడించమంటారు, గట్టిగా అక్షరాలు చదవమంటారు. ఆ సేపంతా మాస్కు లోపలి గాలిలోకి బయటి కణాలు ఎన్ని చేరాయో కొలుస్తారు. గుడ్డలోంచి వచ్చినా పక్కలనుంచి వచ్చినా లెక్కలోకి వస్తుంది. పదిమందిలో కనీసం ఎనిమిదిమందికి సగటున ఎఫ్ఎఫ్‌పీ1లో 22 శాతం, ఎఫ్ఎఫ్‌పీ2లో 8 శాతం, ఎఫ్ఎఫ్‌పీ3లో 2 శాతం దాటకూడదు. జల్లెడ దగ్గర మనిషి చేసేది అదే కదా. వంగుతుంది, లేస్తుంది, పక్కనున్న మనిషిని కేకేస్తుంది. అలా కదిలే మనిషి మొహం మీద మాస్కు నిలుస్తుందా లేదా అని చూసే ప్రమాణం నా పనికి సంబంధించింది. కదలకుండా బిగించిన గుడ్డ ముక్కను చూసేది కాదు.

మా దగ్గర ఫలితం ఏమిటంటే, సరిగ్గా పెట్టుకున్నవాళ్ళ మొహం మీద మాస్కు అంచు బయట ఎర్రగా, లోపల మామూలుగా, మధ్యలో గీత గీసినట్టు తేడా కనిపించింది. దగ్గు తగ్గింది. ఇన్నాళ్ళూ జల్లెడ దగ్గరికి వెళ్ళమంటే వంతులు వేసుకునేవాళ్ళు, ఇప్పుడు ఆ వంతుల గొడవ సద్దుమణిగింది.

అలాగని ఊరికే తగిలించుకుంటే చాలదు. రెండు బ్యాండ్లలో ఒకటి నడినెత్తి మీదికి, రెండోది చెవుల కింద మెడ మీదికి రావాలి. మావాళ్ళు తలకు నూనె బాగా పెడతారు, పై బ్యాండు జారి కిందిదాంతో కలిసిపోతుంది. తలకు తువ్వాలు చుట్టి, దాని మీద బ్యాండు వేస్తే నిలిచింది. ముక్కు క్లిప్పును ఒక చేత్తో చిటికెలా నొక్కితే మధ్యలో కోసుగా లేచి రెండు పక్కలా సందు మిగులుతుంది. రెండు చేతుల వేళ్ళతో మధ్య నుంచి పక్కలకు అదుముకుంటూ పోవాలి. తర్వాత రెండు అరచేతులతో మాస్కును కప్పి గట్టిగా ఊదాలి. కళ్ళలోకి గాలి కొడితే క్లిప్పు సరిచేయాలి, చెంపల పక్కన తగిలితే బ్యాండ్లు సరిచేయాలి.

ముక్కుపుడక ఎక్కడా ఏ కవరు మీదా కనిపించని సమస్య. పెద్ద రాయి పుడక పెట్టుకున్న ఒకామెకు మాస్కు అంచు సరిగ్గా పుడక మీద కూర్చుని, అక్కడే సన్నగా ఎర్ర గీత పడేది. పుడక తీయమని అడగడం బాగోదు, ఆమెకు అది తాళిబొట్టంత. చదునుగా ఉండే చిన్న పుడక మార్చుకుంది, గీత పోయింది. మగవాళ్ళలో గడ్డం ఉన్నవాళ్ళకు మాత్రం ఈ రకం మాస్కు ఏదీ సరిగ్గా అతుక్కోదు, అంచు కింద వెంట్రుక ఉంటే గాలికి దారి ఉన్నట్టే. వాళ్ళను లోడింగు వైపు పెట్టాం.

వాల్వు గురించి మావాళ్ళు చాలా రోజులు అడిగారు. ఊపిరి వదిలేటప్పుడు వేడి బయటికి పోతుంది, హాయిగా ఉంటుంది, నిజమే. మే నెలలో రేకుల షెడ్డులో అది చిన్న సుఖం కాదు. కానీ వాల్వులోంచి పోయే గాలి వడపోత లేకుండా పోతుంది. మేం చేసేది జనం తినే సరుకు. దగ్గు, జలుబు ఉన్న మనిషి ఊపిరి నేరుగా కారం గుట్ట మీద పడకూడదు. 2020 జులైలో కేంద్ర ఆరోగ్య శాఖ వాల్వు ఉన్న ఎన్95లు వద్దని రాష్ట్రాలకు రాసింది కూడా ఈ కారణంతోనే. రాళ్ళ క్రషర్లలో, సిమెంటు పనిలో వాల్వు ఉన్నది పెట్టుకుంటే తప్పులేదు, అక్కడ కాపాడాల్సింది పెట్టుకున్న మనిషినే. మా దగ్గర వాల్వుకు బదులు ఒక ఎగ్జాస్టు ఫ్యాను పెంచాం. మొదట దుమ్ము లేవకుండా చూసుకోవడమే ముఖ్యం, మిగిలినదానికే మాస్కు.

నాలుగోది త్రీఎం కంపెనీ 8210 మోడల్. గిన్నెలా గట్టిగా ఉండే రకం, వాల్వు లేదు, పెట్టెలో ఇరవై ఉంటాయి. మాస్కు మీద నియోష్, ఎన్95, టీసీ-84ఏ-0007 అని స్పష్టంగా ఉన్నాయి. ఉండాల్సిన ముద్ర ఎలా ఉంటుందో చూడాలంటే ఇది ఒకటి కొని పక్కన పెట్టుకోండి. ముక్కు దగ్గర లోపల మెత్తటి స్పాంజి ఉంది, లోహపు క్లిప్పు వంచినచోట ఉండిపోతుంది. గిన్నె ఆకారం పెదాలకు దూరంగా నిలబడుతుంది కాబట్టి చెమటకు తడిసి మూతికి అంటుకోలేదు. ఎర్ర గీతల పరీక్షలో అన్నిటికంటే శుభ్రంగా వచ్చింది ఇదే. ధర వంద దాటింది. పల్వరైజరు, అంటే కాయను పొడి చేసే మర, విప్పి శుభ్రం చేసే పని ఉంటుంది, ఆ రోజు లేచే దుమ్ము మామూలుది కాదు. ఆ పని చేసే ఇద్దరికీ ఇదే ఇస్తాను. రోజూ అందరికీ ఇవ్వాలంటే మాలాంటి చిన్న మిల్లుకు భారం. ఎఫ్ఎఫ్‌పీ2తో ఆ అవసరం తీరుతోంది.

ఒక చిన్న మాట, పచ్చళ్ళు పెట్టేవాళ్ళ కోసం. నూనె పోపు పొగలో నిలబడేవాళ్ళకు ఎన్ రకం సరిపోదు, ఆ ఎన్ అక్షరమే చెబుతోంది. నూనె తుంపరలతోనూ పరీక్షించిన ఎఫ్ఎఫ్‌పీ2 గానీ, నియోష్‌లో పీ అక్షరంతో వచ్చేవి గానీ చూసుకోండి.

ఎఫ్ఎఫ్‌పీ2 పక్కన ఉండే ఎన్ఆర్ అంటే ఒక షిఫ్టుకే అని. ఉతికితే, శానిటైజరు కొడితే పోగుల్లో ఉన్న ఆవేశం పోతుంది, చూడటానికి కొత్తదానిలా ఉన్నా వడపోయదు. పొదుపు అని మావాళ్ళలో కొందరు ఇంటికి తీసుకెళ్ళి సబ్బుతో ఉతికి ఆరేసుకొచ్చేవాళ్ళు. ఇప్పుడు సాయంత్రం పాతవి అప్పగిస్తేనే మర్నాడు కొత్తవి ఇస్తున్నాం. షిఫ్టు మధ్యలోనే ఊపిరి బరువుగా అనిపిస్తే ఇంకోటి ఇస్తాం. పెట్టె మీద తయారైన తేదీ, గడువు తేదీ చూడండి, పాతబడితే ముందు బ్యాండ్లు సాగిపోతాయి. నా దగ్గరున్న త్రీఎం పెట్టె మీద 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ దాటకుండా దాచమనే గుర్తు ఉంది. గుంటూరు ఎండల్లో రేకుల కింద అది కుదిరే పని కాదు కాబట్టి మాస్కుల పెట్టెలన్నీ ఆఫీసు గదిలో బీరువాలో పెడుతున్నాం.

గోడౌన్లు ఉన్నవాళ్ళు ఇది తప్పక గుర్తుంచుకోండి. పురుగు పట్టకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు పెట్టిన గోడౌన్‌లోకి ఈ నాలుగింటిలో ఏది పెట్టుకునీ వెళ్ళకూడదు. దాన్నుంచి వచ్చేది దుమ్ము కాదు, ఫాస్ఫీన్ అనే విషవాయువు. ఎన్95 అయినా ఎఫ్ఎఫ్‌పీ3 అయినా కణాలను ఆపుతాయి గానీ వాయువును ఆపవు. మాస్కు ఉంది కదా అనే ధైర్యమే అక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. దానికి శిక్షణ ఉన్నవాళ్ళు, దానికి తగ్గ పరికరాలు వేరే ఉంటాయి.

చివరిగా, పిల్లల సైజు ఎన్95 అని బొమ్మలు వేసి అమ్ముతున్నవి కొందరు అడుగుతున్నారు. సెలవుల్లో తల్లులతో పాటు పిల్లలు మిల్లుకు వస్తుంటారు కాబట్టి నేనూ వెతికాను. నియోష్ పిల్లల కోసం ఏ మాస్కునూ ఆమోదించలేదు, అలా రాసి ఉంటే ఆ రాత నమ్మొద్దు. మా పిల్లలకు ఆఫీసు గది వెనక వరండాలో చాపలు, ఫ్యాను ఏర్పాటు చేశాం. మర ఆడుతున్నంత సేపూ షెడ్డులోకి రానివ్వడం లేదు.